నాదం వంగే చోటు

గోదావరి జిల్లాల్లో పుట్టిన నా ఈడువాళ్ళ చెవులు మైకుసెట్టు దగ్గరే పెరిగాయి. శ్రీరామనవమి పందిరి, జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఊళ్ళో పెళ్ళి, తెల్లవార్లూ సాగే సత్యహరిశ్చంద్ర నాటకం, ఏదైనా కొబ్బరిచెట్టుకు కట్టిన బాకాలోంచే ఊరంతటికీ వినపడేది. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుని, చివరి పాదం మీద రాగం తీస్తూ పైషడ్జం అందుకునేసరికి ఆ గొంతు బాకాలో సన్నగా చిరిగేది. మైకువాడు గబుక్కున వాల్యూం తగ్గించబోతే ముందు వరసలోని పెద్దలు ‘ఉండనీవోయ్’ అని కసిరేవారు. గొంతుకీ యంత్రానికీ కూడా ఓపిక చివరికొచ్చిన చోట పుట్టే వేడి ఒకటి ఆ చిరుగులో ఉండేది. వన్స్‌మోర్ కొట్టించింది పద్యమే. అయినా ఆ పద్యం నా చెవిలో ఈనాటికీ ఆ చిరుగుతోనే మోగుతుంది.

ఇంజనీర్లు దాన్ని డిస్టార్షన్ అంటారు. యాంప్లిఫయర్ల మీద ఏ పాఠ్యపుస్తకం తెరిచినా అది శత్రువు. లోపలికి ఏ ఆకారంలో వెళ్ళిన తరంగం అదే ఆకారంలో పెద్దదై బయటికి రావాలి, రాకపోతే లోపం. గిటారు వాయించేవాళ్ళు మాత్రం ఆ లోపాన్ని డబ్బు పెట్టి కొనుక్కుంటారు. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలో రికార్డింగు పరికరం ఒకటి పాడై, బేస్ గిటారు బొంగురుగా వినిపించింది. దాన్ని చెరిపేయకుండా పాటలో ఉంచేశారు. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ బొంగురునే ట్రాన్సిస్టర్లతో మళ్ళీ పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. అదే 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ అనే పెడల్‌గా బజారులోకి వచ్చింది. 1964లో ఇంగ్లండులో డేవ్ డేవిస్ అనే కుర్రాడు స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి మరీ ఆ శబ్దం తెప్పించాడు. కాటిసీను బాకాను తలుచుకుంటే వాళ్ళ తపన నాకు కొత్తగా అనిపించదు.

మా వైపు ఎలక్ట్రిక్ గిటారు ఉనికి ఎక్కువగా చర్చిల్లో, ఆ తర్వాత ఆర్కెస్ట్రా పార్టీల్లో. రాజమండ్రి నుంచి రాజోలు దాకా ఏ సువార్త సభ వేదిక మీద చూసినా కీబోర్డు పక్కన గిటారు ఉంటుంది, గిటారు కాళ్ళ దగ్గర ఒకటో రెండో పెడళ్ళు ఉంటాయి. అందులో నారింజ రంగు బాస్ డీఎస్-1 ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. జపాన్ కంపెనీ 1978లో తెచ్చిన ఆ డబ్బా ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది. నా దగ్గర ఉన్నదీ అదే. దానికి పాత రేడియోల్లో ఉండే వాల్వు కలపాలన్న కోరిక నాకు ఎలా పుట్టిందో చెప్పాలంటే, ముందు అది శబ్దాన్ని ఏం చేస్తుందో చెప్పాలి.

తీగ మీటితే వచ్చే సిగ్నల్‌ను అందులోని ట్రాన్సిస్టరూ ఐసీ కలిసి ఎన్నో రెట్లు పెంచుతాయి. పెరిగిన సిగ్నల్ దారిలో రెండు సిలికాన్ డయోడ్లు ఎదురుబొదురుగా గ్రౌండుకు కట్టి ఉంటాయి. వోల్టేజీ సుమారు 0.6, 0.7 దాటిందా, అవి తెరుచుకుని మిగతాదంతా గ్రౌండులోకి దింపేస్తాయి. పైకి పోయే కొండను పైన, కిందికి దిగే లోయను కింద, రెండువైపులా ఒకే ఎత్తున కోసేస్తాయి. వాల్వు చేసే పని వేరు. ఆసిలోస్కోపు తెర మీద ఆ రెండింటినీ పక్కపక్కన చూసినవాడికి కోతల కాలంలో మా చేను గుర్తుకు రావలసిందే. డయోడు దాటిన తరంగం కొడవలితో కోసిన మోడులా ఉంటుంది, వాల్వు దాటిన తరంగం గింజ బరువుకు వంగిన వెన్నులా ఉంటుంది.

వంగడానికి కారణం వాల్వు నిర్మాణంలోనే ఉంది. గాలి తీసేసిన గాజు బుడ్డిలో కాథోడును వేడిచేస్తే ఎలక్ట్రాన్లు ఊరతాయి, వాటిని ప్లేటు లాక్కుంటుంది, మధ్యలో గ్రిడ్ అడ్డుపడి ఎన్ని పోవాలో చెబుతుంది. 1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేస్తే, ఆ తర్వాత రెండు మూడేళ్ళలోనే లీ డి ఫారెస్ట్ మధ్యలో గ్రిడ్ పెట్టాడు, శబ్దాన్ని పెంచడం అక్కడ మొదలైంది. గ్రిడ్ మీద సిగ్నల్ ఒక హద్దు దాటి పాజిటివ్ వైపు వెళితే గ్రిడ్ తానే ఎలక్ట్రాన్లను తాగడం మొదలుపెడుతుంది, ఆ వైపు కొండ మెల్లగా ఒంగుతుంది. రెండో వైపు కరెంటు సన్నబడుతూ సన్నబడుతూ ఆగిపోతుంది. రెండు చివరలూ రెండు తీరులు. ఎక్కడా ఉన్నట్టుండి గోడ తగలదు. హద్దులో ఉన్నంతసేపు మంచి ట్రాన్సిస్టరుకూ మంచి వాల్వుకూ చెవికి పెద్ద తేడా తెలియదు. హద్దుకు వచ్చాక దేని స్వభావం దానిదే. నన్ను ఈ పనిలోకి లాగింది ఆ విషయమే.

దీన్ని సంగీతం భాషలో చెప్పుకుంటే మన శ్రోతకు ఇంకా బాగా అందుతుంది. రెండువైపులా సమానంగా కోసిన తరంగంలో మూలస్వరానికి గుణిజాలైన అనుస్వరాల్లో (హార్మోనిక్స్) బేసి సంఖ్యవే పుడతాయి. మూడోది తారస్థాయి పంచమం, అయిదోది ఆపై స్థాయి అంతర గాంధారం, ఏడోది నిషాదానికి కాస్త దిగువన, మన పన్నెండు స్థానాల్లో దేనికీ సరిగ్గా అందకుండా ఉండే స్వరం. కోత ఎంత పదునుగా ఉంటే ఈ వరస అంత పైకి, తొమ్మిది పదకొండు పదమూడు అంటూ సాగుతుంది. చెవిలో గీరుకున్నట్టుండేది వాటివల్లే. వాల్వులో రెండు చివరలూ ఒకలా వంగవు కనుక రెండో అనుస్వరం, అంటే తారషడ్జం, వచ్చి చేరుతుంది. మూలలు గుండ్రంగా ఉండటంతో పై వరస త్వరగా సన్నగిల్లుతుంది. తంబూరా ముందు కూర్చున్నవాడికి ఇది తెలిసిన సంగతే. బాగా శ్రుతి చేసిన తంబూరాలో మంద్రషడ్జం తీగ మీటితే ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది. స్వయంభూ గాంధారం అని పెద్దలు మురిసిపోయేది ఆ అయిదో అనుస్వరాన్ని చూసే. అది నిండుగా వినపడాలని గుర్రం మీద తీగ కింద దారం పోగు, జీవాళి, పెడతారు. ఆ పోగును వెంట్రుక వాసి జరిపితే తీగ గుర్రానికి ఒరుసుకుంటూ జుమ్మంటుంది, ఇంకో వాసి జరిపితే మూగబోతుంది. శుద్ధమైన తీగ శబ్దాన్ని కావాలని ఒరిపించి, ఆ ఒరిపిడిలోంచి నాదం పుట్టించడం మనకు ఎంత పాత విద్య! కచేరీ మొత్తం ఆ ఒరిపిడి మీదే నిలబడుతుంది. డిస్టార్షన్ అనగానే పాశ్చాత్యుల రొద అని పెదవి విరిచే సంగీతజ్ఞులతో నేను జీవాళి దగ్గర నుంచే మాట మొదలుపెడతాను.

వాల్వు కోసం దూరం వెళ్ళక్కర్లేకపోయింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు డెల్టాలో కలిగినవాళ్ళ ఇళ్ళల్లో మర్ఫీ, ఫిలిప్స్ రేడియోలు వెలిగాయి. పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టి పెట్టుకునే ఆ పెట్టెలు మీట తిప్పాక వేడెక్కి గొంతు విప్పడానికి అరనిమిషం తీసుకునేవి. వాటికి కావలసిన వాల్వులను బెంగళూరులో 1954లో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1960ల నుంచి ఇక్కడే తయారుచేసింది. ట్రాన్సిస్టర్ వచ్చి ఆ పెట్టెలన్నీ అటకెక్కినా, రాజమండ్రి కోటగుమ్మం వైపు ఒక పాత రేడియో మెకానిక్ తన బల్ల కింద అట్టపెట్టెల్లో వాల్వులు దాచుకునే ఉన్నాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను, ఆయన నన్ను మాస్టారూ అంటాడు. కుర్రతనంలో మైకుసెట్లు బాగుచేసిన చెయ్యి ఆయనది. ఫలానా వాల్వు కావాలనగానే ‘ఆయ్, ఉందండీ’ అని చూడకుండానే పెట్టెలో చెయ్యి పెట్టి తీశాడు.

నేను అడిగింది ఈసీసీ82. అమెరికన్ లెక్కలో 12ఏయూ7 అంటారు. గిటారు యాంప్లిఫయర్లలో పేరున్నది దాని అన్న ఈసీసీ83, అంటే 12ఏఎక్స్7. అది సిగ్నల్‌ను వంద రెట్ల దాకా పెంచగలదు, 82 పెంచేది ఇరవై లోపే. ఎక్కువ పెంచేదాన్ని వదిలి తక్కువదాన్ని ఎందుకు తీసుకోవాలంటే, వోల్టేజీ వల్ల. యాంప్లిఫయరులో వాల్వు ప్లేటు మీద రెండు మూడు వందల వోల్టులుంటాయి. పెడల్‌లో నేను ఇవ్వదలచింది పన్నెండు. అంత తక్కువలో 83 ఊపిరాడనట్టు పలుకుతుంది. 82కి లోపలి నిరోధం చాలా తక్కువ కనుక ఆ కాస్త వోల్టేజీలోనే కరెంటును తేలిగ్గా పారనిస్తుంది. రెండింటి కాళ్ళ అమరిక ఒకటే, ఒకటి పీకి మరొకటి పెట్టి వినొచ్చు. విన్నాక 82 దగ్గరే ఆగాను.

కరెంటు సంగతి ముందు తేల్చుకోవాలి. డీఎస్-1 తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీతో వారాల తరబడి బతుకుతుంది. వాల్వు హీటరు ఒక్కటే 12.6 వోల్టుల దగ్గర 150 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, అంటే దాదాపు రెండు వాట్లు వేడికే పోతాయి. బ్యాటరీ మాట మరిచిపోవాల్సిందే. అర ఆంపియరు ఇచ్చే పన్నెండు వోల్టుల డీసీ అడాప్టరు పెట్టి, హీటరుకు నాలుగు, అయిదు కాళ్ళ మధ్య ఆ పన్నెండూ నేరుగా ఇచ్చి, తొమ్మిదో కాలు ఖాళీగా వదిలాను. పాత పెడల్‌కు మాత్రం 7809 రెగ్యులేటరు దాటించి తొమ్మిదే ఇచ్చాను, అది అలవాటు పడిన వోల్టేజీ అది. వాల్వు పొడవు రెండంగుళాల పైచిలుకు. డీఎస్-1 పొట్టలో దానికి చోటు లేదు. అల్యూమినియం పెట్టె ఒకటి తీసుకుని, రెండు సర్క్యూట్లనూ అందులో సర్ది, వాల్వును పైకి నిలబెట్టి చుట్టూ కంచె కట్టాం. కాలితో తొక్కే వస్తువు మీద గాజు ఉంటే కంచె తప్పదు. కోనసీమ తేమకు వాల్వు కాళ్ళకు చిలుం పడుతుంది, ఏడాదికోసారి పీకి తుడవాలి.

ఇక్కడ చదివేవాళ్ళలో కుర్రాళ్ళుంటే ఒక మాట. పన్నెండు వోల్టుల పని ఇంటి బల్ల మీద నిర్భయంగా చేసుకోవచ్చు. వాల్వు యాంప్లిఫయరు మూత తీయడం అలాంటిది కాదు. ప్లగ్గు పీకేశాక కూడా అందులోని కండెన్సర్లు ప్రాణం తీసేంత కరెంటు పట్టుకుని ఉంటాయి. తెలిసినవాళ్ళు పక్కన లేకుండా దాని జోలికి పోవద్దు.

వాల్వును ఎక్కడ కలపాలి అన్నదే అసలు ప్రశ్న. పెడల్ చివర, డయోడ్ల తర్వాత కలపడం సులువు. మామూలుగా చేసేదీ అదే. అలా కలిపితే శబ్దం కొంచెం నునుపవుతుంది, అంతకుమించి వినపడేది తక్కువ. బాబాయ్ సర్క్యూట్ బొమ్మ మీద వేలు పెట్టి, ‘ముందా డయోడ్లు పీకండి మాస్టారూ. అవి ఉండగా దీనికి పనేముంటదండీ?’ అన్నాడు. అంతే. 0.6 వోల్టుల దగ్గర తల తెగిన తరంగం వాల్వు దాకా వచ్చాక, వాల్వు దాని అంచులను కాస్త సవరించగలదే కాని, తెగిన తలను తిరిగి మొలిపించలేదు. వంగే గుణమున్నదాన్ని తెచ్చి కోసేదాని వెనక నిలబెడితే దాని వంపు ఎవరికీ వినపడదు. పెడల్‌కు వాల్వు కలపడమంటే సగం పని కలపడం, సగం పని తీసేయడం.

తీసేస్తే మరో చిక్కు. డయోడ్లు లేకపోతే గెయిన్ పూర్తిగా తిప్పినప్పుడు ఐసీ తన తొమ్మిది వోల్టుల పైకప్పుకు తగిలి తానే కోస్తుంది, ఆ కోత డయోడ్ల కోత కన్నా మొరటు. మధ్యే దారిగా సిలికాన్ డయోడ్ల స్థానంలో ఎర్ర ఎల్ఈడీలు రెండు పెట్టాను. అవి తెరుచుకునేది 1.7 వోల్టుల ప్రాంతంలో. అంటే వాల్వుకు చేరే సిగ్నల్ రెండు రెట్లు దాటింది. ఇప్పుడు మామూలుగా మీటితే వాల్వు ఒక్కటే వంగుతుంది. గట్టిగా మీటితే ఎల్ఈడీలు చిన్నగా వెలిగి కొన్ని కొసలు కోస్తాయి. వేళ్ళ బలాన్ని బట్టి శబ్దం మారడం మొదలైంది. నేను కోరుకున్నది ఇది. మామూలు డీఎస్-1లో గెయిన్ ఎక్కువ పెడితే మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకటే గోల వచ్చేది.

మా గోదావరి జిల్లాల గురించి ఒక గర్వం చెప్పుకోకుండా ముందుకు పోలేను. తీగ వాద్యానికి కరెంటు కలిపి కర్ణాటక సంగీతంలో నిలబెట్టిన బాలుడు పుట్టింది పాలకొల్లులో. 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మాండొలిన్ కచేరీ చేశాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే విని ఈ పిల్లవాడు తీగ మీద పలికించేవాడు. మాండొలిన్‌లో తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. మీటిన వెంటనే శబ్దం ఆరిపోతుంది. జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం కష్టం, ఆరిపోయే శబ్దంలో గమకం పూర్తికావడం ఇంకా కష్టం. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. తరవాత అయిదు తీగలకు వచ్చాడు. ఆయన నాదంలో డిస్టార్షన్ లేదు, నిర్మలమైన నాదం. కాని వాద్యంలో ఒకటి తీసేసి, ఒకటి కలిపి, దాని హద్దును తన సంగీతం కోసం జరిపిన ధైర్యం ఆయనది. ఈ పెడల్ ముందు కూర్చున్నప్పుడల్లా నేను తలుచుకునే మనిషి ఆయనే. 1970ల మొదట్లో మహావిష్ణు ఆర్కెస్ట్రాలో వాల్వులను హోరెత్తించి గిటారు వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్, గమకం కోసం గిటారు మెట్ల మధ్య చెక్కను పల్లంగా చెక్కించుకున్న ఆ మనిషే, తరవాత రిమెంబర్ శక్తి బృందంలో శ్రీనివాస్ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ వెదికింది ఆరిపోకుండా సాగే స్వరాన్ని. 2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ వెళ్ళిపోయినప్పుడు ఆయనకు 45 ఏళ్ళే.

డిస్టార్షన్ చేసే ఇంకో మేలు స్వరాన్ని అలా సాగనివ్వడమే. కొండల తలలు ఒంగడమంటే పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ మధ్య దూరం తగ్గడం. మీటిన మరుక్షణం ఉండే ఉధృతి అణుగుతుంది, ఆరిపోబోయే తోక పైకి తేలుతుంది. స్వరం నిలుస్తుంది. నిలిచిన స్వరం మీద తోడి గాంధారం ఊపి చూస్తే తెలుస్తుంది, గిటారు తీగ మీద అంతసేపు ఆ కంపితం బతకడం ఎంత సంతోషమో. రెండు మూడు స్వరాలు కలిపి వాయించే పాశ్చాత్య సంగీతానికి ఈ వాల్వు వంపు ఒక్కోసారి ఇబ్బందే. కలిసిన స్వరాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, ఎవరూ మీటని మొత్తాలనూ తేడాలనూ పుట్టిస్తాయి. షడ్జ పంచమాలు రెండే అయితే అందం. వాటి నిష్పత్తి రెండుకు మూడు, తేడా ఒకటి, అంటే కింది స్థాయి షడ్జం దానంతటదే వచ్చి శ్రుతిలా నిలుస్తుంది. మధ్యలో గాంధారం చేరిస్తే చిక్కు. గిటారు మెట్టు మీది గాంధారం స్వయంభూ గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు హెచ్చు. మామూలుగా ఎవరికీ తెలియని ఆ తేడాను డిస్టార్షన్ పెద్దది చేసి చూపిస్తుంది, శబ్దం బురదబురదగా తయారవుతుంది. రాక్ గిటారిస్టులు గాంధారం వదిలేసి స-పలతోనే సరిపెట్టుకునేది అందుకే. మనది ఒక శ్రుతి మీద ఒక్క స్వరం నడిచే సంగీతం. ఈ పెడల్ మన కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు, ఈ మాట నేను నమ్మి అంటున్నాను.

పన్నెండు వోల్టుల వాల్వు అసలు వాల్వే కాదు, అలంకారానికి వెలిగే దీపం అని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళ వాదనలో నిజముంది. పెడల్‌లో వాల్వు వేడెక్కిన యాంప్లిఫయరులా పలకదు. దాని వెనక ట్రాన్స్‌ఫార్మరు లేదు, స్పీకరుతో పెనుగులాట లేదు. వాల్వు వెలుగును గాజు కిటికీలోంచి చూపించి, కోత పనంతా ఐసీలతో చేయించే పెడళ్ళూ బజారులో లేకపోలేదు. కాని బి.కె. బట్లర్ చేసిన ట్యూబ్ డ్రైవర్ అనే వాల్వు పెడల్‌ను డేవిడ్ గిల్మర్ లాంటి పేరున్న గిటారిస్టు ఏళ్ళ తరబడి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడంటే, తక్కువ వోల్టేజీ వాల్వుకూ తనదైన గొంతు ఉన్నట్టే. ఆ గొంతును దాని మానాన దాన్ని పలకనిస్తున్నామా లేదా అన్నదే నేను చూసుకునేది.

ఈ వాల్వులను కొత్తగా చేసేవాళ్ళు ప్రపంచంలో ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే, ముఖ్యంగా రష్యా, స్లొవేకియా, చైనాల్లో. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై రష్యా సరుకు ఆగుతుందన్న భయం పుట్టేసరికి ధరలు పెరిగిపోయాయి, గిటారు లోకమంతా కంగారుపడింది. బాబాయ్ బల్ల కింది పెట్టెల విలువ నాకు అప్పుడు ఇంకా బాగా తెలిసింది. వాటిని పాత సామాను కొట్టుకు వేయవద్దని, ఒక్కొక్కటి పరీక్షించి చీటీ అంటించి పెడదామని ఆయన్ను ఒప్పించాను. ఆదివారం మధ్యాహ్నాలు ఆ పనే చేస్తున్నాం.

మా వీధి చర్చిలో గిటారు వాయించే కుర్రవాడు ఈస్టరు సభకు పెడల్ అడిగి పట్టుకెళ్ళాడు. తిరిగి ఇస్తూ, ‘నిదానం పాటలకి చాలా బాగుందండి మాస్టారూ, కానీ ఉజ్జీవ కీర్తనలకి పాత కోతే కావాలండి, రెండూ ఉండేలా చెయ్యరా?’ అన్నాడు. అడగవలసిన మాటే అడిగాడు. మధ్యలో ఆగే మూడు స్థానాల స్విచ్ ఒకటి బిగించాను. ఒకవైపు సిలికాన్ డయోడ్లు, మరోవైపు ఎల్ఈడీలు, మధ్యలో ఏవీ ఉండవు, వాల్వు ఒక్కటే. మధ్య స్థానంలో గెయిన్ సగం దాటించవద్దని, దాటితే ఐసీ ముందే తల కోసేస్తుందని, ఆ సగం దాకా పైషడ్జం మీద తీగను ఎంత లాగితే అంత వంగుతుందని చెప్పి, మళ్ళీ అతని చేతికే ఇచ్చాను.